వాన రాకడ, వరద రాకడ

వాన రాకడ, ప్రాణము పోకడ ఎవరికిని తెలియవని మన పెద్దలు చెప్పుదురు. ఈ సామెత పుట్టిన నాడు అది అక్షరాల నిజము. మబ్బు పట్టిన తరువాతనే వాన సంగతి, నీరు గుమ్మమెక్కిన తరువాతనే వరద సంగతి తెలిసెడివి. నేడట్లు కాదు. భారీ వర్షము కురియు అవకాశమున్నదని భారత వాతావరణ శాఖ కొన్ని దినములకు ముందే జిల్లాలవారీగా తెలుపుచున్నది. పెద్ద నదులలో నీటిమట్టము ఎప్పటికి ఎంత పెరుగునో కేంద్ర జలసంఘము ముందుగా లెక్కగట్టి చెప్పుచున్నది. సామెతలోని మొదటి సగము ఈ విధముగా కొంత మారినది. అందువలన రెండవ సగమును కూడ కొంత మార్చుట మన చేతిలోనికి వచ్చినది.

అయినను వరదలలో ప్రాణనష్టము నేటికిని ఆగలేదు. హెచ్చరిక అందినను దాని అర్థము సరిగా తెలియకపోవుట ఇందుకొక ముఖ్యకారణము. వాన సూచన వేరు, వరద సూచన వేరు. మొదటిది ఆకాశమును గూర్చి చెప్పునది. దానిలో ఎప్పుడును కొంత సందేహముండును. రెండవది నేలను, నదిని గూర్చి చెప్పునది. దానిలో సందేహము తక్కువ, కాని దానివలన దొరకు వ్యవధి నదిని బట్టి మారును. పెద్ద నది దినముల వ్యవధి నిచ్చును. చిన్న వాగు ఒక్కొక్కప్పుడు గంట వ్యవధి కూడ నీయదు. ఈ భేదము తెలిసినవారికే హెచ్చరిక వలన పూర్తి ప్రయోజనము కలుగును.

భారీ వర్షము ఎట్లు కురియును?

గాలిలో కంటికి కనబడని నీటి ఆవిరి ఎల్లప్పుడును ఉండును. గాలి ఎంత వెచ్చగా నున్న అంత ఎక్కువ ఆవిరి అందులో పట్టును. 20 డిగ్రీల సెంటీగ్రేడువద్ద ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 17 గ్రాముల ఆవిరి పట్టును; 30 డిగ్రీలవద్ద సుమారు 30 గ్రాములు పట్టును. తడితో నిండిన వెచ్చని గాలి పైకి లేచినపుడు, అక్కడ ఒత్తిడి తక్కువగుటచే అది వ్యాకోచించి చల్లబడును. చల్లబడిన గాలిలో ఆవిరి అంతయు ఇమడదు. మిగిలిన ఆవిరి సన్నని నీటిబిందువులుగా మారి మేఘమగును. బిందువులు ఒకదానితో నొకటి కలిసి బరువెక్కి వానగా పడును.

ఇందులో ఒక విశేషమున్నది. నీరు ఆవిరి యగునపుడు గ్రహించిన వేడిని, ఆవిరి తిరిగి నీరగునపుడు విడిచిపెట్టును. ఒక గ్రాము ఆవిరి నీరైనచో సుమారు 600 కేలరీల వేడి బయలుపడును. ఆ వేడి చుట్టునున్న గాలిని తేలికపరచి ఇంకను పైకి పంపును. ఆ చోటికి క్రిందినుండి క్రొత్తగా తడిగాలి వచ్చి చేరును. సముద్రమునుండి తడిగాలి ఎడతెగక వచ్చుచున్నంతసేపు ఈ పని సాగుచునే యుండును. కావున భారీ వర్షమునకు కావలసినవి మూడు: సమృద్ధిగా ఆవిరి, దానిని పైకెత్తు శక్తి, ఈ రెండును ఒకే చోట చాలసేపు నిలుచుట. మూడవదే మిక్కిలి ప్రమాదకరము. త్వరగా కదలిపోవు మేఘము ఒక జల్లుతో సరిపెట్టును. కదలక నిలిచిన మేఘములు, లేక ఒకదాని వెనుక నొకటి అదే దారిన వచ్చు మేఘములు, ఊరిని ముంచివేయును.

ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగినచో గాలిలో ఇముడు ఆవిరి సుమారు నూటికి 7 పాళ్ళు పెరుగును. భూమియొక్క సగటు ఉష్ణోగ్రత పెరుగుచున్న ఈ కాలమున భారీ వర్షముల విషయమై శాస్త్రజ్ఞులు ఆందోళన చెందుటకు మూలమిదియే.

నైరృతి ఋతుపవనముల కాలమున బంగాళాఖాతములో ఏర్పడు అల్పపీడనములు, వాయుగుండములు సాధారణముగా పడమర, వాయవ్య దిశల మధ్యగా కదలి మధ్యభారతము మీదుగా సాగును. వాయుగుండమునకు నైరృతి భాగమున వర్షము మిక్కుటముగా నుండును. గోదావరి పరీవాహక ప్రాంతము తరచుగా ఆ భాగము క్రిందికి వచ్చును. గోదావరి పెద్ద వరదలు జూలై, ఆగస్టు నెలలలో ఎక్కువగా వచ్చుటకు ఇది ముఖ్యకారణము.

వానకు కొలత

వర్షపాతమును మిల్లీమీటర్లలో కొలుతురు. 1 మి.మీ. వాన అనగా, నీరు ఇంకక, పారక, ఆవిరి కాక నిలిచినచో నేలపై 1 మి.మీ. ఎత్తు నిలుచునంత నీరు. ఒక చదరపు మీటరు నేలపై ఇది సరిగా ఒక లీటరు. వానను కొలుచు ఆచారము మన దేశమున ప్రాచీనమైనది. ధాన్యాగారము ముందు మూరెడు వెడల్పు మూతిగల పాత్ర నుంచి వాన కొలువవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రములో కలదు. నేడు దేశమంతటను ఉదయము 8.30 గంటలకు, గడచిన 24 గంటల వర్షపాతమును నమోదు చేయుదురు.

ఆ 24 గంటలలో 64.5 మి.మీ. నుండి 115.5 మి.మీ. వరకు కురిసినచో అది భారీ వర్షము. 115.6 నుండి 204.4 వరకు అతి భారీ వర్షము. అంతకు మించినది అత్యంత భారీ వర్షము. వార్తలలో వినబడు ఈ మూడు మాటలు వర్ణన కొరకు వాడినవి కావు. ఒక్కొక్క మాట వెనుక ఒక్కొక్క అంకె కలదు.

ఆకాశమును లెక్కలోనికి తెచ్చుట

గాలి, తేమ, వేడి భౌతికశాస్త్ర సూత్రములకు లోబడి నడచును. కావున ఈనాటి వాతావరణ స్థితి సరిగా తెలిసినచో రేపటి స్థితిని గణితముచే సాధింపవచ్చునని నార్వే శాస్త్రజ్ఞుడు విల్హెల్మ్ బ్యెర్క్‌నెస్ 1904లో ప్రతిపాదించెను. ఇంగ్లండు దేశీయుడైన లూయీ ఫ్రై రిచర్డ్‌సన్ ఈ లెక్కను చేతితో చేసి చూచి 1922లో గ్రంథముగా ప్రకటించెను. ఆరు గంటలలో జరుగు మార్పును సాధించుటకు ఆయన వారముల తరబడి శ్రమించెను. వచ్చిన జవాబు మాత్రము తప్పినది. సూత్రములలో దోషము లేదు. ప్రారంభపు కొలతలలోని చిన్న దోషములు లెక్కలో పెరిగిపోయినవి. 1950లో అమెరికాలో ఎనియాక్ అను గణనయంత్రముపై ఇట్టి లెక్క మొదటిసారి సఫలమైనది.

నేటి పద్ధతి యిది. భూగోళము చుట్టునున్న గాలిని అసంఖ్యాకములైన గళ్ళుగా విభజింతురు. ఒక్కొక్క గడిలోని ఒత్తిడి, ఉష్ణోగ్రత, తేమ, గాలివేగములను ఉపగ్రహములు, బెలూనులు, నౌకలు, విమానములు, భూమిపైని కేంద్రములు పంపిన కొలతలనుండి నిర్ణయింతురు. తరువాత గడికి గడికి మధ్య జరుగు మార్పులను కంప్యూటరు కొద్దికొద్ది వ్యవధులలో లెక్కగట్టుచు ముందుకు సాగును. 2025 మే నెలలో మన దేశమున ప్రారంభమైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో గడి వెడల్పు 6 కిలోమీటర్లు.

గడి ఎంత చిన్నదైనను దానికంటె చిన్న మేఘముండును. పైగా, ప్రారంభపు కొలతలో ఇసుమంత తేడా యున్నను కొన్ని దినములకు ఫలితము పూర్తిగా మారిపోవచ్చునని ఎడ్వర్డ్ లోరెంజ్ 1963లో చూపెను. అందుచేత ఒకే లెక్కను నమ్ముకొనక, ప్రారంభపు కొలతలను కొద్దిగా మార్చి మార్చి అదే లెక్కను అనేక పర్యాయములు చేయుదురు. ఉదాహరణకు 20 లెక్కలలో 14 ఒక జిల్లాలో భారీ వర్షమును చూపినచో, ఆ అవకాశము నూటికి 70 పాళ్ళని స్థూలముగా చెప్పవచ్చును.

"అవకాశము కలదు" అను మాట విని కొందరు నవ్వుదురు. వాన పడినను పడకున్నను తప్పించుకొనుటకు వీలుగా చెప్పిన మాటయని వారి భావము. అది సరికాదు. నూటికి 70 పాళ్ళ అవకాశమని నూరుసార్లు చెప్పినపుడు, సుమారు 70 సార్లు వాన పడి 30 సార్లు పడకున్నచో ఆ సూచనలు సరియైనవే. నూరుసార్లును పడినచో అవకాశమును తక్కువగా అంచనా వేసినట్లు. సందేహమును కూడ అంకెలలో కొలిచి చెప్పుటయే ఈ శాస్త్రము సాధించిన ప్రగతి.

వాన దగ్గరపడిన కొలది రాడారు ప్రధానమగును. మచిలీపట్నము, విశాఖపట్నము, హైదరాబాదులలో డాప్లర్ రాడారులున్నవి. వీని తరంగములు చినుకులపై పడి తిరిగివచ్చును. తిరిగివచ్చిన తరంగముల బలమును బట్టి వాన తీవ్రతయు, వాని పౌనఃపున్యములోని మార్పును బట్టి చినుకులు దగ్గరగుచున్నవో దూరమగుచున్నవో తెలియును. ఈ విధముగా రాబోవు రెండు మూడు గంటల సంగతిని చెప్పుదురు. దినములకు ముందు ఇచ్చు సూచన విశాల ప్రాంతమునకు చెందినది. ఏ ఊరిపై, ఏ గంటకు అనునది వాన దగ్గరకు వచ్చిన తరువాతనే స్పష్టపడును.

వాన వరద యగుట

ఒకే వాన రెండు చోట్ల ఒకే వరదను కలిగింపదు. మృగశిర కార్తెలో పడిన వానను వేసవికి ఎండి బీటలువారిన నేల త్రాగివేయును. పునర్వసు, పుష్యమి కార్తెలనాటికి నేల పదునెక్కి, చెరువులు నిండి యుండును. అప్పుడు పడిన వానలో ఎక్కువ భాగము వాగులలోనికే పరుగెత్తును. కొండవాలు, రాతినేల, సిమెంటు కప్పిన నగరపు వీధులు నీటిని నిలువనీయవు. అడవి, ఇసుకనేల, ఖాళీ చెరువు కొంత నిలుపును.

ఒక చిన్న లెక్క చూడుడు. 1,000 చదరపు కిలోమీటర్ల ప్రాంతముపై 100 మి.మీ. వాన కురిసినదనుకొందము. ఆ నీరు 10 కోట్ల ఘనపు మీటర్లు. అందులో సగము ఇంకి, సగము ఒక దినములో వాగునకు చేరినచో, వాగులో సగటున సెకనుకు సుమారు 580 ఘనపు మీటర్లు, అనగా 20,000 క్యూసెక్కులకు పైగా ప్రవాహముండును. నేల ముందే తడిసియుండి నూటికి 80 పాళ్ళు పారినచో అది 32,000 క్యూసెక్కులు దాటును. వాన అదే, వరద మాత్రము ఒకటిన్నర రెట్లకు పైగా పెరిగినది. కావున వరదను చెప్పువారు రేపటి వానతోబాటు నిన్నటి వానను కూడ లెక్కింపవలెను.

మానవులు కట్టిన కట్టలు కూడ ఈ లెక్కలో చేరును. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచిన మూసీ వరదలో, ఎగువనున్న అనేక చెరువుల కట్టలు తెగి ఆ నీరును వరదతో కలిసినది. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాపై నగరమునకు ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయములను నిర్మించిరి. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరుకు గండ్లు పడి విజయవాడలోని పల్లపు వాడలు దినముల తరబడి నీటిలో నుండినవి. ఏ కట్ట ఎక్కడ తెగునో వాన సూచన చెప్పజాలదు. కట్టల బలహీనత తెలిసినవారు, వాటిని చూచుకొనువారు ఊరిలో ఉండవలెను.

గోదావరి: దూరపు వాన

గోదావరి నాసికు జిల్లాలోని త్ర్యంబకేశ్వరమువద్ద పుట్టి 1,465 కి.మీ. ప్రవహించును. దాని పరీవాహక ప్రాంతము సుమారు 3,12,800 చదరపు కి.మీ. అందులో మూడవ వంతునకు పైగా ఒక్క ప్రాణహితదే. ప్రాణహిత కాళేశ్వరమువద్దను, ఇంద్రావతి దానికి దిగువనను గోదావరిలో కలియును. ఆ తరువాత నది భద్రాచలము చేరును. కావున భద్రాచలమువద్ద కనబడు వరదలో పెద్ద భాగము విదర్భలోను, బస్తరులోను, ఉత్తర తెలంగాణములోను అంతకు ముందే కురిసిన వాన. భద్రాచలమున ఎండ కాయుచుండగనే నది పొంగుచుండవచ్చును.

ఈ దూరమే వరద సూచనకు ఆధారము. ఎగువ కేంద్రమున నీటిమట్టము ఎంత యున్నపుడు కొన్ని గంటల తరువాత దిగువ కేంద్రమున ఎంతకు వచ్చెనో పాత వరదల రికార్డులు చెప్పును. ఎగువ మట్టమును అడ్డముగను, దిగువ మట్టమును నిలువుగను గ్రాఫు కాగితముపై గుర్తించినచో బిందువులు ఒక రేఖకు దగ్గరగా పడును. కొత్త వరదలో ఎగువ మట్టము తెలియగనే ఆ రేఖనుండి దిగువ మట్టమును చదువవచ్చును. కాళేశ్వరము, ఏటూరునాగారము, దుమ్ముగూడెము, భద్రాచలము, ఇట్లు ఒక కేంద్రమునుండి మరొక కేంద్రమునకు లెక్క సాగును. నేడు వర్షపాతమును కూడ చేర్చుకొని కంప్యూటరు నమూనాలు ఈ పని చేయుచున్నవి. మన దేశమున శాస్త్రీయమైన వరద సూచన 1958లో ఢిల్లీవద్ద యమునానదిపై ప్రారంభమైనది.

భద్రాచలమున నీటిమట్టము 43 అడుగులకు చేరినచో మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది జారీ చేయుదురు. 1986 ఆగస్టు 16న అక్కడ 75.6 అడుగుల మట్టము నమోదైనది. 1990 ఆగస్టులో 70.8 అడుగులు, 2022 జూలై 16న 71.3 అడుగులు వచ్చినవి.

అంకె ఒకటే చాలదు. భద్రాచలమునకు దిగువన కూనవరమువద్ద శబరి గోదావరిలో కలియును. గోదావరి ఎత్తుగా నున్నపుడు శబరి నీరు బయటికి పోలేక వెనుకకు తన్ని, ఒడ్డు గ్రామములపై పరచుకొనును. ఆ గ్రామస్థునికి కావలసినది "53 అడుగులు" అను వార్త మాత్రమే కాదు. భద్రాచలమున ఎన్ని అడుగులకు తన ఊరి దారి మునుగును, ఎన్ని అడుగులకు తన గడప తడియును అనునది అతనికి తెలియవలెను. పాత వరదల గుర్తులు గోడలపై, వంతెన స్తంభములపై నిలిపి యుంచుట అందుకే. ఆ గుర్తు లేనిచోట సూచన ఎంత సరియైనదైనను చెవిలో పడి పోవు మాటయే యగును.

మోరంచవాగు: దగ్గరి వాన

2023 జూలై 27 ఉదయమునకు ముగిసిన 24 గంటలలో ములుగు జిల్లా వెంకటాపురము మండలములోని లక్ష్మీదేవిపేటలో 649.8 మి.మీ. వాన నమోదైనది. అత్యంత భారీ వర్షమునకు పెట్టిన హద్దుకు ఇది మూడు రెట్లకు పైన. ఆ రాత్రియే పొరుగున నున్న జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి గ్రామమును ముంచినది. తెల్లవారునప్పటికి జనులు మేడలపైకి, ఇండ్ల కప్పులపైకి ఎక్కి యుండిరి. పడవలు, హెలికాప్టర్లు వచ్చి వారిని తరలింపవలసి వచ్చినది.

ఇక్కడ ఎగువ కేంద్రమును చూచి దిగువవారికి చెప్పు పద్ధతి పనికిరాదు. వాన పడిన చోటును వరద వచ్చిన చోటును దాదాపు ఒకటే. నీరు చేరుటకు పట్టు కాలము కొన్ని గంటలు మాత్రమే. అది రాత్రివేళ జరిగినచో ఆ గంటలును నిద్రలో పోవును. కావున చిన్న వాగు ఒడ్డున నుండువారికి వాన సూచనయే వరద సూచన. దక్షిణాసియా దేశముల కొరకు 2020 అక్టోబరులో భారత వాతావరణ శాఖ ఆధ్వర్యమున ఆకస్మిక వరదల సూచన విధానమొకటి ప్రారంభమైనది. నేలలోని తడిని, కురియనున్న వానను కలిపి చూచి, ఏ చిన్న పరీవాహక ప్రాంతమున రాబోవు 6 గంటలలోను, 24 గంటలలోను ప్రమాదమున్నదో అది తెలుపును.

హెచ్చరికలోని రెండు తప్పులు

సూచన రెండు విధములుగా తప్పవచ్చును. వచ్చునన్న వరద రాకపోవుట ఒకటి. చెప్పని వరద వచ్చుట రెండవది. ఒకదానిని తగ్గింపబోయినచో రెండవది పెరుగును. పూర్తిగా నిశ్చయమైన తరువాతనే హెచ్చరింతుమన్నచో వృథా హెచ్చరికలుండవు, కాని మోరంచవాగు వంటిచోట హెచ్చరిక నీటి తరువాత వచ్చును. చిన్న అనుమానమునకే హెచ్చరించినచో ఏ వరదయు తప్పిపోదు, కాని జనులకు నమ్మకము పోవును.

ఒక ఊరివారు పదిసార్లు హెచ్చరిక విని పశువులతో మెరకకు పోయిరనుకొందము. మూడుసార్లే వరద వచ్చినది. ఏడుసార్లు శ్రమ వృథాయైనదా? ఒక రాత్రి బడి వరండాలో గడుపుటవలన కలుగు నష్టమెంత, మునిగిన యింటిలో చిక్కుకొనుటవలన కలుగు నష్టమెంత అని తూచినచో జవాబు తేలికగా దొరకును. వాతావరణ శాఖ వాడు రంగులలో ఈ తూకమున్నది. ఆకుపచ్చ అనగా చేయవలసినదేమియు లేదు. పసుపు అనగా గమనించుచుండుడు. నారింజ అనగా సిద్ధముగా నుండుడు. ఎరుపు అనగా కార్యమునకు పూనుకొనుడు. రంగు వాన పరిమాణమును మాత్రమే గాక, దాని అవకాశమును, దానివలన కలుగగల హానిని కూడ తెలుపును.

ఊరి మధ్య నీరు నిలిచినప్పటికంటె, దారిలో వాగు దాటునప్పుడు ప్రాణములు ఎక్కువ సులభముగా పోవును. వేగముగా పారు నీరు జానెడు లోతున్నను మనిషిని పడద్రోయగలదు. అడుగు లోతు నీరు కారును తేల్చుకొని పోగలదు. చప్టాపై నీరు పారుచున్నపుడు, నిన్న దాటితిమి గదాయని నేడు దాటరాదు. క్రింద రోడ్డు కొట్టుకొనిపోయినదో లేదో పైనుండి కనబడదు.

పాఠశాలలో చేయదగిన పని

నిలువు గోడలుగల డబ్బా నొకదానిని తెరపి చోట, గాలికి దొర్లకుండ నిలుపుడు. చెట్టుగాని గోడగాని దాని ఎత్తునకు రెండు రెట్ల దూరములోపల నుండరాదు. ప్రతి ఉదయము 8.30కు లోపలి నీటి ఎత్తును స్కేలుతో మిల్లీమీటర్లలో కొలిచి, తేదీతో వ్రాసి, నీటిని పారబోయుడు. ఊరి వాగు వంతెన స్తంభముపై అడుగుల గుర్తులు పెద్దలచే వేయించి, దూరమునుండి, ఒడ్డు మీదనే నిలిచి మట్టమును చదువుడు. వరదవేళ పిల్లలు వాగు దరికి పోరాదు.

రెండు మూడు వానకాలములు గడచునప్పటికి ఒక పట్టిక తయారగును. ఎంత వాన పడినపుడు వాగు ఎంత పెరిగినది, ఎన్ని గంటలకు పెరిగినది, నేల ఎండియున్నపుడు ఎట్లు, తడిసియున్నపుడు ఎట్లు అను ప్రశ్నలకు అందులో జవాబుండును. దేశమంతటికి సూచన చేయు కంప్యూటరుకు తెలియని సంగతి ఇది. ఆ ఊరి బడికి మాత్రమే తెలియును. "రేపు అతి భారీ వర్షము" అను వార్త వచ్చిన నాడు, పట్టిక చూచి ఏ వీధివారు ముందుగా కదలవలెనో చెప్పగల విద్యార్థి ఒక్కడున్నను ఆ ఊరు వరదకు సిద్ధముగా నున్నట్లే.